మిషన్ మీద మంచినీళ్ళ గ్లాసు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు కరెంటాఫీసు ముందు వేసిన టెంటు కింద తెలిసింది. అప్పుడు నా చేతిలో మైకుంది. "పగటిపూట కోతలు ఎత్తెయ్యాలి!" అని నేను అరుస్తున్నాను, వెనకాల మావాళ్ళు "ఎత్తెయ్యాలి!" అని అందుకుంటున్నారు. మా పేట ఆటో అతను జనాన్ని తోసుకుంటూ వచ్చి నా చెవిలో ఆ ముక్క చెప్పేడు. మైకు కట్టెయ్యాలని నాకు తోచలేదు. "అత్త పోయిందా?" అన్న నా మాట హారన్‌లోంచి రోడ్డంతా వినపడింది. వెనకాల కూర్చున్నవాళ్ళు అలవాటు కొద్దీ "పోయిందా!" అని గట్టిగా అందుకున్నారు.

మా అత్త ఉండుంటే ఆ మాటకి పొట్ట పట్టుకుని నవ్వేది.

ఎలా పోయిందంటే, పనిలోనే పోయింది. బట్టలు వేసి, తలుపు బిగించి, బటన్ నొక్కి, ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. మిషన్ తన పని తాను చేసుకుని ఆగింది. అది ఆగగానే లేచే మనిషి లేవలేదు. ఇస్త్రీ బల్ల దగ్గరున్న ఆవిడ వచ్చి చూసేసరికి చెయ్యి చల్లగా ఉందట. మిషన్ మీద పెట్టిన గ్లాసులో మంచినీళ్ళు నిండుగా అలాగే ఉన్నాయట.

ఇప్పటిదాకా నేను రాసినవన్నీ కరపత్రాలు. "సోదరులారా" అని మొదలుపెట్టి "కదలి రండి" అని ముగించడం తప్ప ఇంకోలా రాయడం నాకు రాదు. ఒక్క మనిషి గురించి రాయడం ఇదే మొదలు. అంచేత ఎక్కడన్నా గొంతు పెరిగితే సర్దుకోండి. మా అత్త సర్దుకునేది. పేరు రాయను. అమలాపురం నుంచి ఉప్పలగుప్తం వెళ్ళే రోడ్డు మీద ఎవర్ని అడిగినా లాండ్రీ అత్తగారంటేనే తెలుస్తుంది. సొంత పేరు చెబితే "ఎవరండీ ఆవిడ?" అని మిమ్మల్నే అడుగుతారు.

మా అత్త చాలా ఏళ్ళు కువైట్‌లో ఉంది. మొదట ఇళ్ళల్లో పనిచేసి, తర్వాత ఒక ఆస్పత్రిలో దుప్పట్లు ఉతికే చోట కుదురుకుంది. తొంభైల్లో, నేను కాలేజీ ఎగ్గొట్టి కరపత్రాలు చదువుతున్న రోజుల్లో, తిరిగొచ్చేసింది. కువైట్ నుంచి వచ్చినవాళ్ళు టేపురికార్డర్లు, రగ్గులు, సెంటు సీసాలు తెస్తారు. మా అత్త ఒక పెట్టె తెచ్చుకుంది. ఆ మర్నెల్లో విశాఖపట్నం వెళ్ళి, మూతపడ్డ హోటల్ సామాన్లు అమ్ముతుంటే, అందులోంచి ఒక బట్టలుతికే మిషన్ కొని లారీలో వేయించుకుని వచ్చింది.

ఇంట్లో మూల పెట్టుకునే మిషన్ అనుకునేరు. ఛాతీ ఎత్తు ఉంటుంది, గేదె బరువు ఉంటుంది. మూత పైన ఉండదు, ముందు గుండ్రంగా గాజు తలుపు. దాన్ని లారీలోంచి దించుతుంటే పేట పేటంతా రోడ్డు మీదే ఉంది.

"ముందు తలుపు పెట్టేరేంటండీ? నీళ్ళన్నీ వచ్చెయ్యవాండీ?" అని ఎవరో అడిగేరు.

"రావండి. తలుపు పడ్డాక లోపల నీళ్ళున్నంతసేపూ మనం లాగినా రాదండి. నీళ్ళు పోయేకే తెరుచుకుంటాది," అంది అత్త.

"మధ్యలో గుర్తొస్తేనండీ, జేబులో ఏదన్నా ఉండిపోయిందని?"

"గుర్తు రావడం ముందే రావాలండి," అంది.

నాకు మాత్రం ఆ మిషన్ని చూడగానే ఒళ్ళు మండిపోయింది. కాలవ రేవులో బట్టలుతికే కుటుంబాలున్నాయి. వాళ్ళ నోటి దగ్గర కూడు ఈ ఇనప గంగాళం లాగేసుకోదా? రాత్రికి రాత్రి కూర్చుని "యంత్రమా, శ్రమా?" అని ఒక కరపత్రం రాసేను. చేత్తో నడిపే అచ్చుమిషన్ మీద తీసి, మా అత్త షాపు ముందే నిలబడి, వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ పంచేను. అత్త కూడా ఒకటి తీసుకుంది. గుమ్మంలో నిలబడే మొత్తం చదివింది.

"బాగానే రాసేవురా. నీ చొక్కా ఎవరు ఉతుకుతున్నారు?"

"అమ్మ."

"ఈసారి మీ అమ్మ చేత రాయించు," అని లోపలికెళ్ళిపోయింది.

జవాబు లేనప్పుడు నేను ఇంకా గట్టిగా అరుస్తాను. "ఇది తప్పించుకోవడం అత్తా!" అని అరిచేను. లోపల్నుంచి, "సరే గానీ లోపలికి రా, పనుంది," అని వినపడింది.

ఆ పనేంటో చెప్పేముందు మా అత్తకి ఆ మిషన్ ఏమిటో చెప్పాలి. వచ్చిన కొత్తలోనే మా ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పింది: "ఇది నిలబడితే నేనిక్కడ. నిలబడకపోతే మళ్ళీ కువైట్. నా దగ్గరున్నదంతా ఇందులోనే ఉంది." రాజోలు ఏజెంటు అప్పటికే ఎస్టీడీ బూతుకి ఫోన్లు చేస్తున్నాడు. పాత ఆస్పత్రి వాళ్ళు రమ్మంటున్నారని, వీసా తయారని, ఊ అంటే చాలని. మా అత్త ఊ అనలేదు, ఉహూ అనలేదు. పాసుపోర్టు ఎక్కడో భద్రంగా దాచింది. "ఎడారిలో నాకు అన్నీ ఇచ్చేరురా. తడి నేల మీద కాలు పెట్టడం ఒక్కటే ఇవ్వలేదు," అనేది.

ఆ తడి నేలే కొంప ముంచబోయింది.

మా కోనసీమలో పారతో నాలుగు పోట్లు వేస్తే నీళ్ళు ఊరుతాయి. ఇలాంటి మిషన్‌కి కింద సిమెంటు దిమ్మ కట్టి బోల్టులు బిగించాలి. బురదలో దిమ్మేంటని మావాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుని ఒక నిర్ణయానికొచ్చేరు. కొబ్బరి మొద్దులు. మేం కాలవ దాటాలన్నా కొబ్బరి మొద్దే వేస్తాం, పాక ఎత్తాలన్నా కొబ్బరి మొద్దే. అలాంటిది మిషన్‌కి ఆగదా? మొద్దులు పక్కపక్కన పరిచి, పైన చెక్కలు కొట్టి, దాని మీద మిషన్ ఎక్కించేరు. "పల్లకీలా ఉందండీ," అని మురిసిపోయేరు.

పల్లకీలాగే ఉంది. మొదటిరోజు నీళ్ళు పిండడానికి జోరుగా తిరగడం మొదలుపెట్టగానే బయల్దేరింది. కాస్త కాస్తగా, నాట్యం నేర్చుకుంటున్నట్టు పక్కకి జరిగింది. అత్త కంగారు పడలేదు. నన్ను చూసి, "ఇదేరా పని. స్టూలెక్కి దాని మీద కూర్చో," అంది.

అలా నేను ఆ మిషన్‌కి బరువునయ్యేను. యంత్రానికి వ్యతిరేకంగా కరపత్రం రాసినవాణ్ణి, అది నీళ్ళు పిండుతున్నప్పుడల్లా దాని నెత్తిన కూర్చుని ఒణికేవాణ్ణి. పళ్ళు టకటకా కొట్టుకునేవి. "దోపిడీ" అందామన్నా "దో-దో-దో-పిడీ" అని వచ్చేది. షాపుకొచ్చినవాళ్ళు "ఏమండీ, పైన కుర్రాడు కూడా మిషన్‌తోనే వచ్చేడాండీ?" అనేవారు.

సబ్బు సంగతీ చెప్పాలి. దానికి నురగ తక్కువ వచ్చే పొడి కావాలి. సరుకు అయిపోయిన రోజున మామూలు పొడి, అదీ దోసెడు, నేనే వేసేను. నురగ రాకపోతే మురికి ఎలా పోతుందన్నది నా వాదన. పొడి పోసే అరలోంచి నురగ పొంగి, గచ్చంతా పాకి, గుమ్మం దాటి రోడ్డెక్కింది. బస్సు ఆపి కండక్టరు దిగి చూసేడు. అత్త చీర ఎత్తిపట్టుకుని నురగలో నిలబడి, "నీ ఉపన్యాసంలాగే ఉందిరా ఇది. చూట్టానికి బోలెడు, బట్ట మటుకు తెల్లబడదు," అంది.

ఇంకోసారి నా చొక్కాలో ఉండిపోయిన కరపత్రాల కట్ట నర్సింగ్ హోమ్ దుప్పట్లతో కలిసి తిరిగింది. పిప్పి పిప్పి అయి దుప్పటి దుప్పటికీ అంటుకుంది. వాళ్ళ కాంపౌండరు ఒక దుప్పటి పట్టుకొచ్చి, "ఇక్కడ 'పోరాడుదాం' అని చదవడానికొస్తోందండి. పేషెంట్లు భయపడుతున్నారు," అన్నాడు. ఆ రోజు నుంచి మా అత్త షాపు బట్టల్లో ప్రతి జేబూ, ప్రతి మడతా తన చేత్తో తడిమి చూడకుండా తలుపు మూసేది కాదు. బస్సు టిక్కెట్లు, ప్రసాదం పొట్లాలు, పరీక్ష చీటీలు, ఒకసారి బతికున్న తేలు. నా జేబులో దొరికిన కరపత్రాలు మాత్రం చదివి, మడిచి, వెనక్కిచ్చేది. వాటిమీద అభిప్రాయం కూడా చెప్పేది. "ఇందులో కోపం బావుందిరా. మర్నాడు పొద్దున్న ఏం చెయ్యాలో లేదు."

అప్పుడొచ్చేరు తోట పెద్దాయన.

ఊళ్ళో కొబ్బరితోటలున్న ఆసామి. మా తాతలు వాళ్ళ తోటల్లో కాయలు దింపినవాళ్ళు. వాళ్ళ వీధిలోకి చెప్పులేసుకుని వెళ్ళకూడదన్న రోజులు మా నాన్నకి గుర్తున్నాయి. ఆ పెద్దాయన ఇంట్లో పెళ్ళి. పెళ్ళికి పరిచే జంబుఖానా, అబ్బో, ఇంత పొడుగుది, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. రేవులో దాన్ని తడిపితే ఎత్తే మనిషి లేడు. పాలేరు నెత్తిన పెట్టించుకుని స్వయంగా వచ్చేరు. గుమ్మం బయటే నిలబడి గుండ్రటి గాజులోకి అనుమానంగా చూసేరు.

"ఏమ్మా, ఇందులో ఎవరెవరివి కలుపుతున్నావు?"

"నర్సింగ్ హోమ్ దుప్పట్లు, లాడ్జి తలగడ గలీబులు, పేటలో చీరలు, ఊళ్ళో పంచెలు. తెల్లవి ఒకసారి, రంగువి ఒకసారి అయ్యగారూ. నాకు తెలిసిన తేడా అదొక్కటేనండి."

"మాది విడిగా వెయ్యాలి."

నేను మిషన్ మీదున్నాను. అక్కణ్ణుంచే, "విడిగా ఎందుకండీ? కలిపితే మీ జంబుఖానాకి ఏవన్నా అంటుకుంటుందా?" అన్నాను.

"ఎవరమ్మా పైన?"

"మా మేనల్లుడండి. బరువు కోసం పెట్టుకున్నానండి," అంది అత్త. తర్వాత నాకేసి తిరిగి మెల్లిగా, "నోర్మూసుకుని కూర్చో," అంది. ఆయనతో, "విడిగా వేస్తే దీనికి మంచిది కాదండి," అని చెప్పి చూసింది. ఆయన వినలేదు. విడిగానే వేస్తున్నారో లేదో చూడాలని లోపలికొచ్చి, గాజు తలుపుకి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు.

ఉతకడం బానే ఉతికింది. పిండే వేళయింది. తడిసిన జంబుఖానా ముద్దగా ఒక పక్కకి చేరిపోయింది. చక్రం జోరందుకునేసరికి ఆ బరువు ఒక్కో చుట్టుకీ ఒక్కో తాపు తన్నింది. చెక్కలు విరిగేయి. మొద్దులు దొర్లేయి. మిషన్ ఒక్క గెంతు గెంతి కిందకి దిగి, నన్ను నెత్తిన పెట్టుకుని, తిన్నగా పెద్దాయన మీదకి నడిచింది.

ఆయన వెనక గోడ, పక్కన సబ్బు బస్తాలు. వెళ్ళడానికి చోటు లేదు. "ఎక్కండి! ఎక్కెయ్యండి!" అని అరిచేను. ఆయన స్టూలెక్కేరు. నేను చెయ్యి చాపేను. ఒక్క క్షణం ఆ చేతికేసి చూసేరు. మిషన్ ఇంకో గెంతు గెంతింది. ఇక చూళ్ళేదు, పట్టేసుకుని నా పక్కకి ఎక్కేసేరు. మిషన్ మా ఇద్దర్నీ ఎక్కించుకుని, మళ్ళుకుని, వైరు అందినంత దూరం నడిచి, గుమ్మంలో ఇరుక్కుని, ప్లగ్గు ఊడొచ్చి ఆగింది.

రోడ్డు మీద జనం. ముందు గుండ్రటి గాజు, అందులో జంబుఖానా, పైన నేనూ ఆయనా పక్కపక్కన, ఒకరి భుజం ఒకరు పట్టుకుని.

సైకిలాపిన ఒకాయన, "ఎక్కడికండీ బయల్దేరేరు?" అని ఎంతో మర్యాదగా అడిగేడు.

పెద్దాయన బిక్కచచ్చిపోయి, "దింపించమ్మా," అన్నారు.

"దింపుతానండి, ఆయ్. ఒక్క మాటండి. ఒక్కరిదే వేస్తే ఇది నిలబడదండి. ఆ బరువు ఒక పక్కకి చేరి తంతాదండి. నలుగురివీ కలిస్తే అన్ని పక్కలా సర్దుకుని నిదానంగా తిరుగుతాది."

"అలాగే... కలిపెయ్యమ్మా. ముందు దింపించు."

నేను దిగగానే ఆ మాట పెద్ద పెద్ద అక్షరాలతో షాపు గోడ మీద రాస్తానన్నాను. "ఆ గోడ మీద నేను బట్టలారేస్తాను. పో," అంది అత్త.

నవ్వులాట అక్కడితో అయిపోయింది. జనం వెళ్ళేక చూస్తే షాపులో మిగిలింది విరిగిన మొద్దులూ, ఊడిన గొట్టాలూ, బురదా. అత్త మిషన్‌కి ఆనుకుని గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆ సాయంత్రమే బూతు నుంచి కబురొచ్చింది, ఏజెంటు ఫోన్. అత్త వెళ్ళి మాట్లాడింది. తిరిగొచ్చి నాతో, "ఊ అన్నానురా," అంది. అంతే అంది. నేను విరిగిన చెక్కలు ఏరి ఒక మూల పెట్టేను.

రెండ్రోజులు పోయేక మండపేట నుంచి ఒక మేస్త్రి దిగేడు. రైసుమిల్లు మిషన్లకి దిమ్మలు కట్టేవాడు. తోట పెద్దాయన ధాన్యం ఆ మిల్లుకే వెళ్తుంది, ఆయనే పంపించేరట. ఎందుకు పంపించేరో నేను రకరకాలుగా విశ్లేషించేను. అపరాధ భావమా, పెళ్ళిలోపు జంబుఖానా కావాలనా, నడిరోడ్డు మీద జరిగింది మరిపించాలనా? అత్త, "మనిషొచ్చేడు కదా, ముందు టీ పట్రా," అంది.

మేస్త్రి గొయ్యి తవ్వించేడు, నీళ్ళూరేయి. ఆయన కంగారు పడలేదు. తాటి మొద్దులు నిలువుగా దిగ్గొట్టించి, రాయి పోయించి, ఇనప చువ్వలు కట్టి, కాంక్రీటు పోసి, బోల్టులు పాతించేడు. పరుండబెట్టిన మొద్దు దొర్లుతుంది, నిలబెట్టిన మొద్దు దొర్లదు. ఇంతమందిమి కూర్చుని ఆలోచించి ఆ ఒక్కటీ ఆలోచించలేదు మేం.

దిమ్మ ఆరుతుంటే మా అత్త ఒక పక్క దానికి నీళ్ళు కొడుతూ, ఇంకో పక్క పెట్టె సర్దుకుంటోంది. "ఇది నిలబడకపోతే మీ పేరు చెప్పుకుని విమానం ఎక్కుతానండి మేస్త్రిగారూ," అనేది. టిక్కెట్టు ఖాయం చెయ్యడానికి ఏజెంటు సోమవారం వస్తానన్నాడు. ఆదివారం నాటికి దిమ్మ తయారైంది.

చర్చి నుంచి రాగానే అత్త, "ముందు ఇంటి బట్టలతో చూద్దాం. పోతే మనవే పోతాయి," అంది. మా ఇంట్లో దుప్పట్లూ, తనింట్లో దుప్పట్లూ, తలగడ గలీబులూ అన్నీ లోపల కుక్కింది. షాపు బట్టలకి ప్రతి జేబూ తడిమే మనిషి ఇంటి బట్టలకి తడమలేదు. మన ఇంటివే కదా, మనకి తెలీనివి అందులో ఏముంటాయి?

మేస్త్రి గ్లాసు నిండా, అంచుదాకా, మంచినీళ్ళు పోసి మిషన్ మీద పెట్టేడు. "మిల్లు దిమ్మ కట్టేక మేం చూసే పద్ధతండి ఇది. నీళ్ళు తొణికితే దిమ్మ మళ్ళీ కడతాను. తొణక్కపోతే మీరు తాగెయ్యండి," అన్నాడు.

తిరగడం మొదలైంది. నేను అలవాటు కొద్దీ ఎక్కబోతే, "నీతో పని లేదు," అంది అత్త. అందరం గాజుకేసి చూస్తున్నాం. దుప్పట్లు పైకెళ్తున్నాయి, కిందపడుతున్నాయి. అప్పుడు గాజుకి లోపల్నుంచి ఏదో వచ్చి అంటుకుంది. నల్ల అట్ట. తెరుచుకుంది. అందులోంచి మా అత్త ఫోటో మాకేసి చూసింది. మళ్ళీ వెనక్కెళ్ళిపోయింది.

పాసుపోర్టు. భద్రంగా ఉంటుందని తన తలగడ గలీబులోనే పెట్టుకుంది.

"ఆపు! ఆపు అత్తా!" అని అరిచేను. ఎర్ర బటన్ అత్త చేతికి అందేటంత దూరంలో ఉంది. నొక్కి, గొట్టం విప్పి నీళ్ళు వదిలేస్తే అప్పటికింకా దక్కేది. అత్త చెయ్యి బటన్ మీదకి వెళ్ళింది. వేలు ఆనింది కూడా.

అప్పుడే మిషన్ పిండే జోరందుకుంది. గది గదంతా ఝుమ్మంది. అత్త తలెత్తి గ్లాసుకేసి చూసింది. నీళ్ళ మీద సన్నగా వలయాలు లేస్తున్నాయి. ఒక్క చుక్క కూడా అంచు దాటలేదు. చాలాసేపు చూసింది. తర్వాత చెయ్యి తీసేసి, కొంగుకి తుడుచుకుంది.

"తిరగనీరా," అంది.

మిషన్ ఆగేక ఆ గ్లాసు తీసుకుని గటగటా తాగేసింది.

మర్నాడు ఏజెంటు వచ్చేడు. "పాసుపోర్టు ఇవ్వండి అక్కగారూ."

"ఉతికేసేనండి."

"ఉతకడమేంటండీ?"

"బాగా ఉతికేనండి. చూడండి, ఒక్క మరక లేదు," అని తీగ మీద క్లిప్పు పెట్టి ఆరేసిన తెల్లటి ముద్ద చూపించింది. ఆ ఏజెంటు మొహం నేను బతికున్నంతకాలం మర్చిపోను.

ఆ తర్వాత పదేళ్ళు ఆ మిషన్ తిరుగుతూనే ఉంది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు బోరునీళ్ళకి తెల్లబట్ట పసుపెక్కుతుందని, పీపాల్లో ఇసకా బొగ్గూ పోసి వడకట్టేది. రేవు నుంచి ఇద్దరు ఆడవాళ్ళని పిలిచి ఇస్త్రీకీ గంజికీ కూర్చోబెట్టుకుంది. యంత్రం ఎవరి చేతిలో ఉండాలన్నది మా ఇద్దరి మధ్యా తేలిన వాదన కాదు. రేవులో మిగతావాళ్ళ మాటేంటని నేను అడిగేను, ఇప్పటికీ అడుగుతాను. "అడుగు. అడగడం మానకు. అడుగుతూ ఆ దుప్పటి అంచు పట్టుకో, మడత పెడదాం," అనేది. మేం మడత పెట్టిన దుప్పట్లన్నీ వాదనలతో మడత పెట్టినవే.

ఆదివారం మధ్యాహ్నాలు ఇళ్ళవాళ్ళ బట్టలు. పేట ఆడవాళ్ళు, తర్వాత తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళు కూడా, మూటలు పట్టుకొచ్చి గాజు ముందు చాపేసుకుని కూర్చునేవారు. మొదటి ఆదివారం మా అమ్మ వచ్చింది. మూట ఇచ్చేసి కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడకి తెలీలేదు. కాసేపు కొంగు సర్దుకుంది, కాసేపు జుట్టు సర్దుకుంది, ఆఖరికి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంది. మా అమ్మని అలా చూడటం నాకదే మొదలు. "ఏంట్రా అలా చూస్తావ్?" అంది. ఆ రోజు నేను "యంత్రమా, శ్రమా?" మళ్ళీ తీసి చదువుకున్నాను. అందులో కాలవ రేవుంది, మా అమ్మ లేదు.

తోట పెద్దాయన పంచెలు కూడా వచ్చేవి. మొదటిసారి, "కలిపేస్తే నాది నాకెలా తెలుస్తుంది?" అని అడిగేరు. "అంచున దారంతో గుర్తు కుడతానండి, అందరికీ కుట్టినట్టే," అంది అత్త. ఎర్ర దారం కుట్టింది. నేనే ఎర్ర దారం ఎంచేనని ఆయనకి చాలాకాలం తెలీదు. ఆవిణ్ణి మాత్రం ఆయన "ఏమ్మా" అనేవారు, అత్త "అయ్యగారూ" అనేది. "ఇంకా ఆ అయ్యగారేంటత్తా?" అని నేను చిందులేసేవాణ్ణి. "పిలుపు మార్చడం నీ వంతు. తిరుగుడు మార్చడం నా వంతు అయిపోయింది," అంది ఒకసారి. ఆ వంతు నాకింకా మిగిలే ఉంది.

ప్రతి మూటకీ ముందు మిషన్ మీద గ్లాసుతో మంచినీళ్ళు పెట్టేది. మిషన్ ఆగేక తాగేది. ఎన్నేళ్ళు గడిచినా దిమ్మని నమ్మలేదో, నమ్మినందుకే పెట్టేదో తెలీదు. అడిగితే, "దాహానికిరా," అనేది.

చర్చి వెనక సమాధుల దొడ్లో మా అత్తని పెట్టేసి వచ్చేం. అక్కడ కూడా గొయ్యిలో నీళ్ళూరేయి. ఆ తడి నేల కోసమే కదా వచ్చేసింది.

మర్నాడు షాపు తీసేను. చివరగా వేసిన బట్టలు ఇంకా లోపలే ఉన్నాయి. తడి మీద ఉండిపోయి వాసన పట్టేయి. తలుపు తెరిచి చూస్తే నర్సింగ్ హోమ్ దుప్పట్లు, ఎర్ర దారం కుట్టిన పంచె, అడుగున మా అత్త ఆదివారం కట్టుకునే తెల్లచీర. మళ్ళీ ఒకసారి తిప్పాల్సిందే. పొడి వేస్తుంటే గుమ్మంలో నీడ పడింది. తోట పెద్దాయన, కర్ర పట్టుకుని. ఒంగిపోయేరు.

"నా పంచె ఇందులో ఉండిపోయిందా అబ్బాయ్?"

"ఉందండి. మా అత్త చీరతో కలిసుంది. విడిగా తీసి వెయ్యమంటారా?" అన్నాను. మా అత్తే పోయింది, నా గొంతు మాత్రం పోలేదు.

"విడిగా వేస్తే నిలబడదు కదయ్యా," అని ఆయన స్టూలు లాక్కుని గాజు ముందు కూర్చున్నారు.

తలుపు మూసి బటన్ నొక్కేను. గ్లాసు కడిగి, అంచుదాకా నీళ్ళు పోసి, పైన పెట్టేను. నేను ఎక్కాల్సిన పని లేదు, అత్త కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పలేదు, నిలబడే ఉన్నాను. పంచె పైకొచ్చింది, చీర పైకొచ్చింది, రెండూ కలిసి కిందపడ్డాయి. ఆయన తన పంచె ఏదో వెతకలేదు. గది ఝుమ్మన్నప్పుడు ఇద్దరం ఒకేసారి గ్లాసుకేసి చూసేం. సన్నగా వలయాలు లేచేయి, తొణకలేదు.

మిషన్ ఆగింది. ఆ నీళ్ళు ఎవరు తాగాలో మా ఇద్దరికీ తెలీలేదు.